హైదరాబాదు నుంచి డాలస్‌కు పన్నెండున్నర గంటలేనా?

ప్రశ్న: నా కాన్పుకు అమ్మ మొదటిసారి ఒంటరిగా డాలస్ వస్తోంది. దోహాలో విమానం మారాలి. జూన్ 14 తెల్లవారుజామున 3:50కి బయలుదేరి అదే రోజు సాయంత్రం 4:20కి దిగుతుందని టిక్కెట్టులో ఉంది. ప్రయాణం పన్నెండున్నర గంటలేనా? దూరం ఎంత? అమ్మకు షుగరు ఉంది, మాత్రల వేళలు రాసివ్వాలి.

జవాబు: 23 గంటలండీ. టిక్కెట్టులో ఏ ఊరి వేళ ఆ ఊరి గడియారం ప్రకారం వేస్తారు. జూన్‌లో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. దాన్ని మీ పన్నెండున్నరకు కలపండి. చలికాలంలో అయితే తేడా పదకొండున్నర. మరోలా సరిచూసుకోండి: దోహాకు నాలుగున్నర, అక్కడ ఆగేది రెండున్నర, డాలస్‌కు 16.

నేరుగా కొలిస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. దోహా మీదుగా 2,900, ఆపై 12,700.

మా అమ్మ వచ్చినప్పుడు చేతి గడియారాన్ని డాలస్‌లో దిగేదాకా హైదరాబాదు వేళలోనే ఉంచమన్నాను. ఒక్కో పూట మాత్రలను చిన్న కవరులో వేసి, పైన స్కెచ్ పెన్నుతో వేళ పెద్దగా రాశాం. ఏ మాత్ర ఎప్పుడో మాత్రం డాక్టరునే అడిగి రాయండి. ఆ కవర్లూ మందుల చీటీ చేతిసంచిలోనే ఉండాలి.

ఇంకొకటి, తప్పకుండా చూసుకోండి. 14 తెల్లవారుజామున విమానం అంటే 13 రాత్రే ఇల్లు కదలాలి. మా పెద్దమ్మ 14 రాత్రి పదకొండింటికి సామానుతో విమానాశ్రయం చేరింది. అప్పటికి విమానం వెళ్లి పంతొమ్మిది గంటలు. ఆ రాత్రి ఆవిడ ఏడుపు ఫోనులో విన్నాను, ఇంకెవరికీ అలా జరగకూడదు.

ప్రశ్న: చాలా ధన్యవాదాలండీ. ఇంకో సందేహం. పటంలో విమానం గ్రీన్‌లాండ్ వైపు వెళ్తున్నట్టు ఉంది. చుట్టుదారి కాదా?

మరొకరి జవాబు: కాదండీ. పిల్లల గ్లోబు మీద దోహా నుంచి డాలస్‌కు దారం బిగించి చూడండి, అది ఉత్తరానికే జరుగుతుంది. గుండ్రటి భూమిని బల్లపరుపుగా గీసిన పటంలో ఆ దగ్గరి దారే వంకరగా కనిపిస్తుంది.

తిరుగు ప్రయాణంలో పడమటి గాలులు వెనక నుంచి తోస్తాయి కాబట్టి డాలస్–దోహా దాదాపు పద్నాలుగున్నర గంటలే. అయినా తేదీ రెండు రోజులు ముందుకు జరగవచ్చు: శనివారం రాత్రి ఏడింటికి ఎక్కితే హైదరాబాదులో దిగేది సోమవారం తెల్లవారుజామున రెండింటికి. ఇంటి దగ్గర కారు పంపేవారికి ఆ తేదీ చెప్పండి.

అమ్మగారికి వీల్‌ఛెయిర్ ఇప్పుడే టిక్కెట్టులో నమోదు చేయించండి. నడవగలిగినా సరే, దోహాలో మనిషి తోడుండి రెండో విమానం గేటు దాకా తీసుకెళ్తారు.