వెన్ను ఆపరేషన్ తర్వాత నడవాలా, పడుకోవాలా?

శరత్‌చంద్రిక: మా అత్తయ్యకి నడుము డిస్క్ ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చాం. లేచి కూర్చుంటే తల పగిలిపోతోందంటున్నారు, పడుకుంటే తగ్గుతోంది. ఇంట్లో కొందరు నడిపించమంటున్నారు, కొందరు కదపొద్దంటున్నారు. ఏం చేయమంటారు?

నడకే_మందు: నడిపించండి. మంచానికే పరిమితమైతే పిక్కల్లో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తుల దాకా వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. నాకు పూసలు కలిపి స్క్రూలు వేశారు, మర్నాడే నిలబెట్టారు. ఇంటికొచ్చాక మావాళ్ళు భయపడి పడుకోబెట్టేశారు. కాళ్ళలో సత్తువంతా పోయింది.

నీలిమేఘం: ఆవిడ తలనొప్పి గురించి అడిగితే మీరు పిక్కల గురించి చెబుతారేమిటండీ? కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గిందంటే, నరాల చుట్టూ ఉండే పొర చిరిగి లోపలి నీరు కారుతోందేమో చూడాలి. చంద్రిక గారూ, కట్టు తడుస్తోందా? ఈరోజే సర్జన్‌కి ఫోన్ చేయండి. మా నాన్నకి ఇదే అయింది. పడుకోబెట్టినా ఆగక, మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళి కుట్టారు.

నడకే_మందు: ఎన్ని రోజులు పడుకోబెట్టారు? పొర కుట్టాక త్వరగా లేపే సర్జన్లూ ఉన్నారు.

నీలిమేఘం: రోజుల లెక్క ఇప్పుడెందుకు?

నడకే_మందు: అడిగిందే అది కదా! ఎన్ని రోజులు?

పల్లవి_77: జ్వరం ఉందా? కుట్లు ఎర్రబడ్డాయా? మెడ బిగుసుకుపోతే అసలు ఆగొద్దు.

నీలిమేఘం: మీ పట్టుదల చూస్తే మా అన్నయ్యే గుర్తొస్తున్నాడు. "బద్ధకం, లేచి నడవమను" అని ఫోన్‌లో చెప్పేసి ఊరుకున్నాడు. నాన్న రోషానికి పోయి తిరిగారు, రాత్రికి కట్టంతా తడిసింది. పక్కనున్నది నేను కాబట్టి నింద నాకొచ్చింది.

నడకే_మందు: మీ అన్నయ్య మీది కోపం నా మీద చూపకండి. కాలు మొద్దుబారుతోందని నేను మొత్తుకుంటే, ఆపరేషన్ తర్వాత ఇవన్నీ మామూలేనన్నారు మావాళ్ళు. పాదం వాలిపోయాక గానీ తీసుకెళ్ళలేదు. ఇప్పటికీ సరిగ్గా పైకి లేవదు. ఒళ్ళు నాది, మాట మాత్రం వాళ్ళది.

నీలిమేఘం: మీకు జరిగింది అన్యాయమే. కానీ రోగి మాటే చివరి మాటంటే ఒప్పుకోను. నాన్న మూత్రం రావట్లేదన్న సంగతి కూడా దాచారు, మళ్ళీ ఆసుపత్రి అంటామని. కనిపెట్టింది నేనే.

నడకే_మందు: చెబితే తిడతారని దాస్తాం. మీరు తిట్టలేదా?

నీలిమేఘం: తిట్టాను. నిద్ర లేక, భయంతో తిట్టాను. మంచం పక్కన కూర్చున్నవాళ్ళకీ ప్రాణం ఉంటుందండీ.

పల్లవి_77: చదివేవాళ్ళ కోసం: మూత్రం ఆగినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, కాళ్ళు బలహీనపడుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు. అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

శరత్‌చంద్రిక: ఫోన్ చేశాను, వెంటనే తీసుకురమ్మన్నారు. దారిలో పడుకోబెట్టే తేవాలట. కట్టు తడిగానే ఉంది. నిన్నటి నుంచీ ఉందట, అత్తయ్య చెప్పలేదు.

నడకే_మందు: ఆవిడని ఏమీ అనకండి.

నీలిమేఘం: అనక్కర్లేదు. కానీ ఇకనుంచి రోజూ కట్టు మీరే చూడండి.