నాటకం రోజుకి తెర వెనక మనుషులు కావాలి

అందరికీ నమస్తే, కాలేజీ డ్రామా క్లబ్ తరఫున రాస్తున్నాను. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం గారి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం కదా, మన నాటకం ఉండే ఇక్కడి తెలుగు సంఘం సాయంత్రాన్ని దాని తర్వాత వచ్చే శనివారానికి ఖాయం చేశారు. అంతకుముందు మార్చి 27న, ప్రపంచ రంగస్థల దినోత్సవానికి, క్యాంపస్‌లో మేం స్క్రిప్టు పట్టుకుని కూర్చుని చదువుతాం. వేషాల్లేవు, సెట్టు లేదు. దానికి మీరొచ్చి వింటే చాలు, సాయం కావాల్సిందల్లా ఏప్రిల్‌కే.

ఆడేది కన్యాశుల్కం, అంటే అందులో మూడు ఘట్టాలు, 50 నిమిషాలు. మొత్తం వేద్దామని ఒకరిద్దరు ఉత్సాహపడ్డారు గానీ, గురజాడ 1909లో పెంచి రాసిన నాటకం ఒక్క సాయంత్రంలో తెమిలేది కాదు, 1892లో మొదట ఆడినది దీనికంటే చాలా చిన్నది. గిరీశం మాటల్లో సగం ఇంగ్లీషే కాబట్టి ఈ దేశంలోనే పుట్టిపెరిగిన మావాళ్ళకి ఆ వేషం మీద తెగ మోజు. అగ్నిహోత్రావధానులు వేషానికి మాత్రం ఒక్కడూ ముందుకు రాలేదు, చివరికి చీటీలేశాం.

ఇక అసలు సంగతి. వేషాలకి పదకొండు మంది ఉన్నారు, తెర వెనక ఇద్దరం. పోయినసారి రెండు డాన్సుల మధ్య మమ్మల్ని పెట్టారు, ముందు వాళ్ళు దిగుతుండగానే మేం ఎక్కాం, బల్ల ఎవరు పెట్టాలో ఎవరికీ తెలీదు, ఉత్తరం చదివే సీన్లో ఉత్తరమే లేదు, మావాడు ఖాళీ చెయ్యి చూసుకుంటూ చదివేశాడు. జనం నవ్వారు, కానీ అది నవ్వాల్సిన సీన్ కాదు. తప్పు నాదే, వస్తువులు ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకున్నాను. అందుకని ఈసారి స్టేజీ మీద కనిపించని పని చేసేవాళ్ళు ఆరుగురు కావాలి. నటించాలని ఉన్నవాళ్ళు దయచేసి వచ్చే ఏడాది దాకా ఆగండి.

—

సౌండ్ నేను చూస్తాను తమ్ముడూ, కానీ ముందే ఒక మాట. చేతి మైకులు మార్చుకుంటూ నాటకం ఆడితే అది నాటకంలా ఉండదు. కాలర్ మైకులు పదకొండు దొరకవు, దొరికినా కండువాలకీ నగలకీ రాసుకుని గరగరలాడతాయి. స్టేజీ ముందంచున నేల మీద మూడు మైకులు పెడదాం, పిల్లల్ని గొంతెత్తి, జనం వైపు తిరిగి మాట్లాడమను. వాల్యూమ్ పెంచేస్తే సరిపోతుందని ఎవరూ అనకండి, పెంచితే కూతే వస్తుంది. టెక్నికల్ రిహార్సల్‌కి రెండు గంటలు ఖాళీ హాలు ఇప్పిస్తేనే నేను ఒప్పుకుంటాను.

—

అన్నా, రెండు గంటలు కష్టం, అదే పొద్దున డాన్సుల వాళ్ళకీ స్టేజీ కావాలి. గంటన్నర ఇప్పించగలను.

—

గంటన్నరైతే నాటకం మొత్తం ఆడొద్దు. లైటు మారే చోటు, పాట మొదలయ్యే చోటు, మనిషి వచ్చే చోటు, పోయే చోటు, అంతే చూసుకుని మధ్య డైలాగులు దాటేయండి. మేం చదువుకునే రోజుల్లో అలాగే చేసేవాళ్ళం. పూర్తి నాటకం వేషాలతో ముందు వారమే ఒకసారి అయిపోవాలి. ఇంకోటి, ప్రోగ్రాంలో మొదటి అంశంగా నాటకాన్నే పెట్టండి, సెట్టు ముందే వేసుకోవచ్చు, జనం కూడా అలిసిపోయి ఉండరు.

—

మొదట పెడితే ఆలస్యంగా వచ్చేవాళ్ళు తలుపులు తీస్తూనే ఉంటారు కదండీ?

—

నాటకం మొదలయ్యాక వెనక తలుపు ఒక్కటే తీద్దాం, అక్కడ నేనుంటాను. సీన్ మారే చీకట్లోనే లోపలికి పంపిస్తాను, ఎవరు కోప్పడినా సరే.

—

అక్కా, నాకు తెలుగు చదవడం బాగానే వచ్చు, ప్రాంప్టింగ్, అంటే మాట మర్చిపోతే పక్కనుంచి అందించే పని, నాకిస్తారా? రిహార్సల్స్‌కి కూడా వస్తాను.

—

రిహార్సల్స్‌కి వచ్చేటట్టయితేనే ఇస్తానమ్మా. ఎక్కడ కావాలని ఆగుతున్నారో, ఎక్కడ మర్చిపోయి ఆగారో తెలియకుండా అందిస్తే అసలుకే మోసం. పిల్లల్లో నలుగురు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని చదువుతున్నారు, ‘ల’కీ ‘ళ’కీ తేడా పోతోంది. ముందు అది సరిచెయ్యి, అదే పెద్ద సాయం.

—

మళ్ళీ నేనే. ఇప్పటికి సౌండు, తలుపు, ప్రాంప్టింగ్ అయ్యాయి, ఇంకా ముగ్గురు కావాలి. లైట్లకొకరు. చీకట్లో బల్లా కుర్చీలూ మార్చడానికొకరు, నల్లబట్టలు వేసుకోవాలి, ఎక్కడ పెట్టాలో నేల మీద టేపు అంటించి ఉంచుతాం. మూడోది వస్తువుల బల్ల. ఉత్తరం, చుట్ట, గొడుగు, పేకముక్కలు, ఒక్కోదానికీ కాగితం మీద గీత గీసి పేరు రాసి పెడతాం, తీసుకున్నది తిరిగి అక్కడికే రావాలి. చుట్ట వెలిగించేది లేదు, హాలు వాళ్ళు నిప్పు ఒప్పుకోరు. పరీక్షలు దగ్గరపడుతున్నాయి, ఈ ఆదివారంలోపు పేర్లు చెప్తే రిహార్సల్ తేదీలు పెట్టేస్తాను.

—

వస్తువుల బల్ల నాకివ్వు. పోయినసారి ఖాళీ చేత్తో ఉత్తరం చదివినవాడి అమ్మనే.