ఫ్లాషింగ్‌కి ఇంకా విండోస్ 7 పీసీనే కావాలా? తేల్చండి

బ్రాడీపేట కుర్రోడు:
మా నాన్న ఫోన్ లోగో దగ్గర ఆగి మళ్ళీ మళ్ళీ ఆన్ అవుతుంది, మీడియాటెక్ చిప్. ఫ్లాషింగ్ చేద్దామని, అంటే పీసీ నుంచి సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కిద్దామని, ఎస్పీ ఫ్లాష్ టూల్‌లో స్కాటర్ ఫైల్ (ఏ ముక్క ఎక్కడ ఎక్కాలో చెప్పేది) లోడ్ చేశా, కేబుల్ పెడితే టింగ్ అని సౌండ్ వస్తుంది, డివైజ్ మేనేజర్‌లో పోర్ట్స్ కింద ప్రీలోడర్ అని కనపడి రెండు సెకన్లలో మాయం, డ్రైవర్ తేడా ఉంటే వచ్చే పసుపు గుర్తు కూడా లేదు. ఇక్కడ ఒక షాపాయన్ని అడిగితే విండోస్ 10లో ఎట్టా అవుద్ది బాబూ, 7 ఉండాలి, ఫోన్ వదిలెళ్ళు 600 అవుద్ది అన్నాడు. నిజమేనా?

గవర్నర్‌పేట రిపేర్:
కరెక్టే చెప్పాడు తమ్ముడూ. నా షాపులో ఇప్పటికీ 7, అదీ 32 బిట్. పాత డ్రైవర్లకి, అంటే పీసీకి ఫోన్‌తో మాట్లాడటం నేర్పే ప్రోగ్రాములకి, డిజిటల్ సిగ్నేచర్ ఉండదు, 10లో 64 బిట్ వాటిని ఎక్కనివ్వదు, కోడ్ 52 అని చూపిస్తది. స్టార్టప్ సెట్టింగ్స్‌లో ఎఫ్7 నొక్కి ఆ సిగ్నేచర్ చెకింగ్ ఆపొచ్చులే గానీ రీస్టార్ట్ కొడితే మళ్ళీ మొదటికే, కస్టమర్ ఎదురుగా నిలబడి ఉంటే ఆ తిప్పలు ఎవడు పడతాడు?

పటమట పెంగ్విన్:
అన్నా, నువ్వు చెప్పే రోగం వేరు, ఇతనిది వేరు. కోడ్ 52 వస్తే పసుపు గుర్తు ఉండాలిగా, లేదంటున్నాడు. 10లో మైక్రోసాఫ్ట్ వాడి సొంత యూఎస్‌బీ సీరియల్ డ్రైవరే దానంతటది పట్టుకుంటది, నిజానికి 7లోనే ఏ డ్రైవర్ వాడాలో చెప్పే ఐఎన్ఎఫ్ ఫైల్ మనం ఇవ్వాలి. ప్రీలోడర్ అంటే ఫోన్ ఆన్ అయ్యే ముందు ఒక్క క్షణం తలుపు తీసి ఎవరన్నా ఉన్నారా అని చూసి వేసేసుకోవడమే, ఆ టైమ్‌కి టూల్ రెడీగా లేకపోతే ముందుకెళ్ళిపోద్ది. బాబూ, నువ్వు కేబుల్ పెట్టాక టూల్‌లో డౌన్‌లోడ్ నొక్కుతున్నావా, ముందా?

బ్రాడీపేట కుర్రోడు:
పెట్టాకే 😅

మంగళగిరి నుంచి:
అసలు కేబుల్ సంగతి ఎవరూ అడగరేంటండీ. సగం గోల అక్కడే. 50 రూపాయల కేబుళ్ళలో కొన్నిట్లో ఛార్జింగ్ వైర్లు రెండే ఉంటాయి, డేటా వైర్లు ఉండవు, నేను ఒక ఆదివారమంతా డ్రైవర్లు తీసి వేసి చివరికి కేబుల్ అని తెలిసి తల పట్టుకున్నా.

పటమట పెంగ్విన్:
డేటా వైర్లు లేకపోతే అసలు టింగ్ అనదుగా, ఇతనికి అంటుంది. ఉన్నా వదులుగా ఉంటే మాత్రం మధ్యలో ఎగిరిపోద్ది, అది ఒప్పుకుంటా. పీసీ అయితే ముందువైపు పోర్ట్ వద్దు, వెనక యూఎస్‌బీ 2.0 పోర్ట్‌లో పెట్టు. లినక్స్ అయితే ఈ డ్రైవర్ గొడవే ఉండదు.

గవర్నర్‌పేట రిపేర్:
ఉండదా? లినక్స్‌లో మోడెమ్ మేనేజర్ అనే ప్రోగ్రామ్ ఆ పోర్ట్‌ని మోడెమ్ అనుకుని ముందే పోయి కెలుకుద్ది, అది ఆపాలని చెప్పవేం. ఇంకోటి తమ్ముడూ, టూల్‌లో డౌన్‌లోడ్ ఓన్లీ పెట్టుకో, అంతా చెరిపేసే ఫార్మాట్ ఆల్ జోలికి పోకు, ఫోన్ గుర్తింపు నంబర్ ఐఎంఈఐ పోయిందంటే సిమ్ పనిచేయదు, అప్పుడు 600 కాదు అయ్యేది.

బ్రాడీపేట కుర్రోడు:
అయిపోయింది!! అదే లాప్‌టాప్, అదే 10. ఫోన్ పవర్ నొక్కి పట్టుకుని ఆఫ్ చేసి, ముందు డౌన్‌లోడ్ నొక్కి, వాల్యూమ్ బటన్ పట్టుకునే కేబుల్ పెట్టా. రెండుసార్లు మధ్యలో ఆగింది, మూడోసారి మా అక్క ఫోన్ కేబుల్‌తో పూర్తయింది.

మంగళగిరి నుంచి:
చూశారా, కేబులే.

పటమట పెంగ్విన్:
డౌన్‌లోడ్ ముందు నొక్కాడు కాబట్టే అసలు మొదలైందండీ. ఏమైనా 7 అయితే అక్కర్లేదని తేలిందిగా అన్నా?

గవర్నర్‌పేట రిపేర్:
ఒక్క ఫోన్‌కి తేలింది. నా బల్ల మీద పాతవి పదకొండు ఉన్నాయి, నీ 10 తీసుకుని రేపు షాపుకి రా, టీ నేను పోయిస్తా.