రచయిత మాట మార్చుకున్నాక అచ్చులోకి వెళ్లాల్సింది పాత పాఠమా, కొత్తదా? విజయవాడ, గుంటూరు పేటల పేర్లతో రాస్తున్నవాళ్ల చర్చ ఇది.

సత్యనారాయణపురం:
ఒక వ్యాసకర్త నలభై ఏళ్లు రాశారనుకుందాం. తొలిరోజుల్లో గట్టిగా సమర్థించిన విషయాన్ని చివర్లో అంతే గట్టిగా కాదన్నారు. రెండో ముద్రణలో కొన్ని పేరాలు తన చేత్తోనే కొట్టేశారు. ఆయన పోయాక సమగ్ర సంపుటాలు వేస్తుంటే ఆ పేరాలు మళ్లీ చేర్చాలా? చేర్చకూడదంటాను. తాను వదిలేసుకున్న మాటను ఆయన పేరు మీద మళ్లీ అచ్చువేసే హక్కు ఎవరికీ లేదు. ఆ ఒక్క పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో తిప్పితే కింద తేదీ ఎవరు చూస్తారండీ?

బ్రాడీపేట 4వ లైను:
చివరి మాటే ప్రమాణమైతే కందుకూరి వీరేశలింగం గారిని ఏం చేస్తారు? జీవితంలో ఎక్కువ భాగం గ్రాంథికంలో రాసిన మనిషి 1919లో వ్యావహారిక భాషా సమాజానికి అధ్యక్షులయ్యారు. అదే ఏడాది మే నెలలో పోయారు. అలాగని పాత రచనల్లో ఒక్క అక్షరం ముట్టుకుంటామా? వెనక అంత గ్రాంథికం ఉండబట్టే ఆ మలుపు ఎంత పెద్దదో మనకు తెలుస్తోంది.

‘కన్యాశుల్కం’ చూడండి. 1897 ముద్రణ, 1909 ముద్రణ రెండూ గురజాడవే. రెండోది సవరణ కాదు, దాదాపు తిరగరాత. మొదటిది మిగిలింది కాబట్టి పన్నెండేళ్లలో ఆయన ఆలోచన ఎటు నడిచిందో పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నాం.

సత్యనారాయణపురం:
మీ ఉదాహరణ నా వైపే మాట్లాడుతోంది. జనం చదివేది, ఆడేది 1909 పాఠాన్నే కదా? మొదటిది పరిశోధకుల బల్ల మీద ఉంది. నేనడిగేదీ అదే. మామూలు పాఠకుడి చేతికి చివరి పాఠం ఇవ్వండి, వెతుక్కునేవాళ్లకు పాతది విడిగా దాచండి.

గవర్నర్‌పేట ప్రూఫులు:
ఏది వేయాలన్నది తర్వాతి మాట. అసలు అభిప్రాయం మారిందని తేల్చడమే పెద్ద పని. కనీసం మూడు పాఠాలు ముందుండాలి: పత్రికలో వచ్చింది, మొదటి పుస్తకంలోది, రచయిత బతికుండగా వచ్చిన ఆఖరి ముద్రణ. పాత పత్రికల కోసం చీరాల దగ్గరి వేటపాలెంలో ఉన్న సారస్వత నికేతనం గ్రంథాలయం దాకా వెళ్లాలి, ఇక్కడివాళ్లకు అదేమంత దూరం కాదు. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు రెండో పాఠం మీద వేలు పెట్టుకుని సరిచూడాలి. ఒక్కరే రెండూ చూస్తే కన్ను దాటేస్తుంది.

దొరికిన ప్రతి తేడానూ అచ్చుతప్పు, శైలి మార్పు, అభిప్రాయం మార్పు అని విడగొట్టాలి. జాగా చాలక సంపాదకుడు కోసింది వేరే. దాన్ని రచయిత ఖాతాలో వేయకూడదు. 1975 జూన్ నుంచి 1977 మార్చి దాకా ఎమర్జెన్సీ. ఆ సంచికల్లో వ్యాసం మెత్తబడి కనిపిస్తే సెన్సారు భయమా, మనసు మారిందా అన్నది రచయిత ఉత్తరాలు, రాతప్రతి చూడకుండా చెప్పలేం.

అచ్చుతప్పుల్ని తేలిగ్గా తీసుకోవద్దు. పాత గ్రాంథికంలో ‘ఒప్పుకొను’ అంటే అంగీకరిస్తాడని. అరిగిన టైపులో ఒత్వం సరిగ్గా పడక, టైపు చేసేవాళ్లు దాన్ని ‘ఒప్పుకోను’ చేశారంటే అభిప్రాయం తలకిందులైపోయింది. యూనికోడ్‌కు ముందు డీటీపీలో వాడిన అను ఫాంట్లలోని పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చినప్పుడూ వత్తులు తారుమారవుతాయి. అందుకే ఫైలును ఫైలుతో పోల్చి ఊరుకోకూడదు, అచ్చు పుస్తకంతోనే పోల్చాలి.

బ్రాడీపేట 4వ లైను:
తేదీల సంగతి కూడా చెప్పండి. అక్కడే ఎక్కువమంది పడుతున్నారు.

గవర్నర్‌పేట ప్రూఫులు:
నిజమే. కొన్ని పాత సంచికల మీద తెలుగు సంవత్సరం పేరే ఉంటుంది. ప్రభవ 1927 ఉగాదికి మొదలై 1928 మార్చిలో ముగిసింది. ప్రభవ మాఘమాసం అని ఉంటే అది 1928 అన్నమాట. 1927 అని వేశారంటే, ఆ నడుమ వచ్చిన ఇంకో వ్యాసంతో వరుస తిరగబడుతుంది, ఖండన ముందు, సమర్థన వెనక పడతాయి. అరవై ఏళ్లకు, 1987లో, మళ్లీ ప్రభవే వస్తుంది. ఎక్కువ కాలం రాసినవారి విషయంలో అదీ చూసుకోవాలి.

పుస్తకం తేదీని రచన తేదీగా తీసుకోవడం ఇంకో పొరపాటు. ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చింది 1950లో, ఆ పేరుగల గేయం రాసింది 1934లో. పుస్తకం ఏడాదిని పట్టుకుంటే శ్రీశ్రీ ఆలోచన పదహారేళ్లు ఆలస్యంగా పుట్టిందని చెప్పినట్టే.

అరండల్‌పేట:
చట్టం మాట ఒకటి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు హక్కు వారసులది. చలం 1979లో పోయారు కాబట్టి 2039 డిసెంబరు దాకా. ఇది కాక 57వ సెక్షన్ ఉంది. రచయిత గౌరవానికి భంగం కలిగేలా పాఠాన్ని వికృతం చేసినా, కోసినా అడ్డుకోవచ్చు, ఆయన తర్వాత వారసులూ అడ్డుకోవచ్చు. కాబట్టి సత్యనారాయణపురం గారూ, కొట్టేసిన పేరా చేర్చాలన్నా, ఉన్న పేరా తీయాలన్నా ఒప్పందంలో ముందే రాయించుకోవాలి. ‘యథాతథంగా’ అన్న ఒక్క మాట రాసి వదిలేస్తే ఏ ముద్రణకు యథాతథమో తేలక తగవు అక్కడే మొదలవుతుంది.

విషయాలవారీ సంపుటాలు నాకు అసలు నచ్చవు. చలం 1950లో విజయవాడ విడిచి రమణ మహర్షి ఆశ్రమం ఉన్న అరుణాచలం వెళ్లిపోయారు. అంతకు ముందువీ తర్వాతవీ ‘దేవుడు’ అన్న ఒకే శీర్షిక కింద కలిపేస్తే, మనిషి ఒకే పూట రెండు మాటలు ఆడినట్టు కనిపిస్తాడు. కాలక్రమంలో వేయండి. విషయసూచిక వెనక పెట్టండి.

సత్యనారాయణపురం:
కాలక్రమానికి ఒప్పుకుంటాను. కొట్టేసిన పేరాను వ్యాసం నడుమ పెట్టడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. తీసేసింది రచయితే కదా.

బ్రాడీపేట 4వ లైను:
నడుమ వద్దు, అనుబంధంలో వేద్దాం. వ్యాసం కింద ఒక్క పంక్తి చాలు: ఫలానా పత్రిక, ఫలానా తేదీ, ఇక్కడ ఉన్నది 2వ ముద్రణ పాఠం, తీసేసిన పేరాలు ఫలానా పేజీలో. తేదీని శీర్షిక కిందే, పెద్ద అక్షరాల్లో వేస్తే మొదటి పేజీ ఫోటోలో అదీ పడుతుంది. పేజీ తలకట్టులో పుస్తకం పేరు బదులు వ్యాసం పేరు, సంవత్సరం వేస్తే మిగతా పేజీలకూ ఆ బాధ తప్పుతుంది.

సత్యనారాయణపురం:
తలకట్టులో సంవత్సరం పడేట్టయితే అనుబంధానికి అభ్యంతరం లేదు. ఖర్చు సంగతేంటి?

గవర్నర్‌పేట ప్రూఫులు:
పెద్దగా పెరగదండీ. 1/8 డెమీ సైజు పుస్తకంలో ఫారానికి, అంటే మడిచి కుట్టే ఒక్కో అచ్చు కాగితానికి, 16 పేజీలు. పుస్తకం 320 పేజీలైతే 20 ఫారాలు. అనుబంధం 12 పేజీలైతే 21వ ఫారం పడుతుంది, 4 పేజీలు ఖాళీ మిగులుతాయి. వాటిలో వ్యాసాల తేదీల పట్టిక వేసుకోవచ్చు. పట్టికను మాత్రం పేజీ నంబర్లు ఖాయమయ్యాకే కట్టండి, ముందే కడితే ప్రతి దిద్దుబాటుకూ నంబర్లు జరుగుతాయి.