సూపర్‌వైజర్ పరీక్షలో తనిఖీ, టెస్టింగ్ ప్రశ్నలు: మీ అనుభవాలు చెప్పగలరు

రాజోలు వైర్‌మన్
అందరికీ నమస్కారం. నాకు వైర్‌మన్ పర్మిట్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఇళ్ళ వైరింగు, రొయ్యల చెరువుల మీద ఏరేటర్ల ప్యానెళ్ళు, రెండు కల్యాణ మండపాలు చేశాను. ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ సర్టిఫికెట్ కోసం రాసిన పరీక్ష గట్టెక్కింది కానీ మౌఖిక పరీక్షలో తప్పాను. ఎక్కడ తప్పానో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. “ఇల్లంతటికీ మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెడుతున్నావు, బల్బులు ఉంచుతావా, తీసేస్తావా?” అని అడిగారు. తీసేస్తానండి అన్నాను. “ఏ టెస్టుకు?” అన్నారు. నేను మాట్లాడలేదు. తర్వాత 24 పాయింట్ల (లైట్లు, ఫ్యాన్లు, సాకెట్ల) ఇంటికి ఇన్సులేషన్ ఎంత రావాలని అడిగితే ఒక మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) అన్నాను. “ఆ ఒకటి ఎక్కడిది?” అన్నారు. అదీ చెప్పలేకపోయాను. మళ్ళీ హాజరవుతున్నాను. తనిఖీ, టెస్టింగ్ భాగాన్ని మీరంతా ఎలా చదివారో, ఏ ప్రశ్నలు ఎదురయ్యాయో దయచేసి తెలియజేయండి.

పాత మెగ్గర్
బాబూ, మీరు చెప్పిన జవాబులు రెండూ పూర్తిగా తప్పు కావు. వాటి వెనుక ఉన్న కారణం మీ దగ్గర లేదని వారికి అర్థమైపోయింది, అంతే. నేను సర్టిఫికెట్ తీసుకుని ఇరవై రెండేళ్ళయింది. అప్పుడూ ఇదే ప్రశ్న అడిగారు.

ఇన్సులేషన్ టెస్టులు రెండు. మొదటిది వైర్లన్నిటికీ ఎర్త్‌కూ మధ్య చేసేది. దీనికి మెయిన్ సప్లై విడదీసి, ఫ్యూజులు లేదా ఎంసీబీలు (కరెంటు మితిమీరితే పడిపోయి సప్లై ఆపే స్విచ్‌లు) వాటి స్థానంలోనే ఉంచి, స్విచ్‌లన్నీ ఆన్ చేసి, బల్బులు హోల్డర్లలోనే ఉంచి, ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ ఒకటిగా కలిపి, ఆ కలిపిన చోట మెగ్గర్ ఒక లీడూ ఎర్త్‌కు రెండో లీడూ పెట్టాలి. రెండోది ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య చేసేది. దీనికి మాత్రం బల్బులు తీసేయాలి, ప్లగ్గులన్నీ ఊడదీయాలి, స్విచ్‌లు ఆన్‌లోనే ఉండాలి. బల్బు ఉంటే దాని ఫిలమెంటు రెండు వైర్లనూ కలిపేస్తుంది కాబట్టి ముల్లు సున్నా మీదకు పోతుంది, మీరు మంచి వైరింగును చెడ్డదని రాసేస్తారు. స్విచ్ ఆఫ్‌లో ఉంటే దాని నుంచి హోల్డర్‌కు వెళ్ళే వైరు టెస్టులోకే రాదు, అక్కడ గోడలో మేకు దిగి ఉన్నా మీకు తెలియదు. ఈ రెండు వాక్యాలు సొంత మాటల్లో చెప్పగలిగితే ఆ ప్రశ్న అక్కడితో ముగుస్తుంది.

ఇక ఆ ఒక మెగోమ్ సంగతి. వైరింగుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 732 పాత కూర్పు ప్రకారం 50ని పాయింట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చినన్ని మెగోమ్‌లకు తగ్గకూడదు, అయితే మొత్తం ఇన్‌స్టలేషన్‌కు ఒక మెగోమ్ కంటే ఎక్కువ ఉండి తీరాలని అడగనక్కరలేదు. 24 పాయింట్లకు లెక్క వేస్తే 2.08 వస్తుంది, కానీ ఆ మినహాయింపు వల్ల ఒకటి చాలు. అదే 100 పాయింట్ల హాస్టల్ భవనమైతే అర మెగోమ్ సరిపోయేది. 2019లో వచ్చిన కూర్పులో ఈ పాయింట్ల లెక్క లేదు. మన మామూలు సర్క్యూట్లకు 500 వోల్టుల డీసీతో పరీక్షించినప్పుడు కనీసం ఒక మెగోమ్ రావాలి. సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) భద్రతా నిబంధనల్లోనూ 500 వోల్టులు, ఒక నిమిషం, ఒక మెగోమ్ అనే ఉంది. మీరు రెండూ చెప్పి, ఏది పాతదో ఏది ఇప్పటిదో వేరు చేసి చూపండి.

షీట్‌రాక్ సిద్దిపేట
పెద్దాయన చెప్పినదానికి ఒక సవరణ, తప్పుగా అనుకోవద్దు. బల్బులు ఉంచాలన్నది ఫిలమెంటు బల్బుల కాలపు మాట. ఇప్పుడు ప్రతి ఎల్ఈడీలోనూ డ్రైవర్ (దానికి తగిన కరెంటు అందించే చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్) ఉంటుంది. ఒక షోరూమ్‌లో నేను ఫేజ్, న్యూట్రల్ కలపకుండానే 500 వోల్టులు వదిలాను. సాయంత్రం సప్లై ఇచ్చాక సీలింగులో పదకొండు ప్యానెల్ లైట్లు వెలగలేదు. ఆ నెల నాకు మిగిలింది బిల్లు మాత్రమే. రెండు వైర్లూ కలిపితే డ్రైవర్ రెండు కొసల మధ్య వోల్టేజీ ఉండదు కాబట్టి ప్రమాదం చాలావరకు తప్పుతుంది, అయినా వీలైతే తీసేయడమే మంచిది. బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా వచ్చే హెచ్చు వోల్టేజీని అడ్డుకునే పరికరం) ఉంటే దాన్ని కూడా విడదీయాలి, లేకపోతే అదే కరెంటు లాగి రీడింగును కిందకు దించుతుంది. మౌఖిక పరీక్షలో ఈ మాట చెప్పినప్పుడు ఎదురుగా కూర్చున్న ఆయన మొదటిసారి తలెత్తి నన్ను చూశారు.

నన్ను ఎక్కువగా అడిగింది ఎర్త్ గురించే. మా వైపు నాలుగడుగులు తవ్వగానే బండ తగులుతుంది, గోదావరి వారికి ఆ బాధ తెలియదు. ప్లేటు ఎర్త్ కొలతలు అడిగారు: 60 సెంటీమీటర్ల చదరం, రాగిదైతే 3.15 మిల్లీమీటర్ల మందం, జీఐ (జింకు పూత వేసిన ఇనుము) అయితే 6.3, పై అంచు నేలకు కనీసం 1.5 మీటర్ల లోతున. పైపు అయితే జీఐ 38 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 2.5 మీటర్ల పొడవు. ఇవి చెప్పడం కష్టం కాదు. “పిట్ (ఎర్త్ గుంట) నిరోధం విలువ ఎంత రావాలి?” అన్న తర్వాతి ప్రశ్న దగ్గర అందరం జారిపోతాం. ఒకరు ఒక ఓమ్ అంటారు, ఇంకొకరు అయిదు అంటారు. నేను వారి ఎదుటే కాగితం మీద లెక్క వేశాను. ఇంటి పిట్ 8 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ పిట్ 2 ఓమ్‌లు, వైర్ల నిరోధం వదిలేద్దాం. మోటారు బాడీకి ఫేజ్ తగిలితే 230 బై 10, అంటే 23 ఆంపియర్లు. మోటారుకు 32 ఆంపియర్ల ఎంసీబీ ఉంటే అది ఎన్నటికీ పడదు. ఈలోగా మోటారు బాడీ మీద 23 ఇంటూ 8, అంటే 184 వోల్టులు నిలిచి ఉంటాయి. ఆ 8 ఓమ్‌లు చెడ్డ విలువేమీ కాదు, ఎర్త్ ఒక్కటే కాపాడుతుందనుకోవడం తప్పు. అక్కడ 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై తెంచే స్విచ్) ఉంటే అదే పిట్‌తో రెప్పపాటులో సప్లై తెగిపోతుంది.

కోచింగ్ బిట్స్
ఇంత లోతు అవసరమా అండీ? బజారులో దొరికే ప్రశ్నోత్తరాల గైడు మూడుసార్లు తిరగేసి నేను ఉత్తీర్ణుడినయ్యాను. రూల్ నంబర్లు బట్టీ పట్టండి. రూల్ 48 లీకేజీ, రూల్ 51 ప్యానెల్ ఖాళీలు, రూల్ 61 ఎర్తింగ్. నంబరు చెబితే వారికి నమ్మకం కలుగుతుంది.

పాత మెగ్గర్
మీరు చెప్పినవి 1956 నాటి భారత విద్యుత్ నియమాల నంబర్లు. వాటి స్థానంలో 2010లో సీఈఏ నిబంధనలు వచ్చాయి, వాటినీ 2023లో మార్చారు. పాత నంబరు చెప్పి, ఏ సంవత్సరం నియమాలని ఎదురు ప్రశ్న పడితే ఏమంటారు? నంబరు వదిలేసి విషయం చెప్పడమే క్షేమం. ఉదాహరణకు ప్యానెల్ ముందు కనీసం ఒక మీటరు ఖాళీ ఉండాలి. వెనుక బయటికి కనబడే కనెక్షన్లుంటే, ఆ ఖాళీ 20 సెంటీమీటర్ల కంటే తక్కువైనా ఉండాలి, 75 సెంటీమీటర్ల కంటే ఎక్కువైనా ఉండాలి. ఈ అంకెలు గైడులోనూ ఉంటాయి, కారణం ఉండదు. 20కి లోపలైతే మనిషి దూరలేడు. 75 దాటితే పని చేసుకుని, షాక్ తగిలితే వెనక్కి రాగలడు. ఆ రెండింటికీ మధ్య ఉంటే దూరతాడు, ఇరుక్కుంటాడు. ఇలా చెప్పినవారిని నంబరు అడిగిన పరీక్షకుణ్ణి నేను చూడలేదు.

హైదరాబాద్ మెట్ల కింద మీటరు
కంటితో చేసే తనిఖీ గురించి ఎవరూ రాయలేదు. మీటరు చేతికిస్తే అందరం హుషారుగా ఉంటాం, చూడమంటే చూడం. నాకు ఒక బోర్డు ఫొటో ఇచ్చి తప్పులు చెప్పమన్నారు. నేను మూడు చెప్పాను: న్యూట్రల్‌లో ఫ్యూజు ఉంది, లైటింగ్ సర్క్యూట్ ఒకదాని మీద 14 పాయింట్లు వేశారు, ఎర్త్ వైరు రెండు చోట్ల మెలిపెట్టి వదిలేశారు. లైటు సర్క్యూట్‌కు పది పాయింట్లు, 800 వాట్లు మించకూడదనీ, పవర్ సర్క్యూట్‌కు రెండు సాకెట్లు మించకూడదనీ తెలుసు కాబట్టి రెండోది పట్టుకోగలిగాను. నాలుగోది వారే చెప్పారు. అది 440 వోల్టుల ప్యానెల్, పుర్రె బొమ్మతో అపాయం బోర్డు లేదు. షాక్ తగిలినవారికి ప్రథమ చికిత్స చార్టు స్థానిక భాషలో కూడా ఉండాలని చెబుతూ, సబ్‌స్టేషన్‌లో తెలుగు చార్టు ఎక్కడ తగిలిస్తావని కూడా అడిగారు.

దోహా నుంచి
నేను ఇక్కడ సైట్లలో టెస్టింగ్ చేస్తాను, సెలవులో వచ్చి పరీక్ష రాశాను. ఇక్కడ చేతికి ఎక్కిన అలవాటు ఒకటి అక్కడ పనికొచ్చింది, అదే టెస్టుల వరస. సప్లై ఇవ్వకముందు ఎర్త్ వైరు తెగకుండా ఉందా, ఇన్సులేషన్ ఎంత, పోలారిటీ సరిగా ఉందా (ఫేజ్, న్యూట్రల్ తారుమారు కాలేదా) చూస్తాం. సప్లై ఇచ్చాకనే లూప్ ఇంపిడెన్స్ (లీకైన కరెంటు తిరిగొచ్చే దారి మొత్తం నిరోధం), ఆర్‌సీసీబీ. ఎర్త్ వైరు సంగతి ముందే తేలాలి. అది తెగి ఉంటే దాని ఆధారంగా చేసిన ఇన్సులేషన్ టెస్టులో ముల్లు అనంతం చూపిస్తుంది, మనం సంతోషిస్తాం.

నాకు పడిన చివరి ప్రశ్న చెబుతాను, ఎవరికైనా ఉపయోగపడవచ్చు. “ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కితే పడింది. ఇంట్లో ఎర్తింగ్ బాగుందని రాయవచ్చా?” రాయకూడదు. ఆ బటన్ పరికరం లోపలే ఒక రెసిస్టర్ ద్వారా కొంత కరెంటును కాయిల్ బయటి నుంచి మళ్ళిస్తుంది. పిట్‌తో దానికి సంబంధం లేదు, ఎర్త్ వైరే లేని ఇంట్లో కూడా బటన్ నొక్కితే పడుతుంది. నిజంగా పరీక్షించాలంటే టెస్టర్‌తో 15 మిల్లీఆంపియర్లు పంపితే పడకూడదు, 30 పంపితే 300 మిల్లీసెకన్లలోపు, 150 పంపితే 40 మిల్లీసెకన్లలోపు పడాలి.

రాజోలు వైర్‌మన్
అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవి చదివి ఊరుకోకుండా మా ఇంటి మీదే ప్రయత్నించాను. అద్దెకు తెచ్చిన చేతి మెగ్గర్‌తో, ఫేజ్, న్యూట్రల్ కలిపి, ఎల్ఈడీలు విప్పి, హ్యాండిల్ ఒక నిమిషం సమంగా తిప్పాను. 0.3 మెగోమ్ దగ్గర ముల్లు నిలిచింది. తొమ్మిదేళ్ళ క్రితం నా చేతులతో చేసిన వైరింగు కాబట్టి నాకు కొంచెం సిగ్గనిపించింది. తర్వాత బోర్డులో ఒక్కొక్క సర్క్యూట్‌నూ ఎంసీబీ దించి, న్యూట్రల్ లింకు నుంచి విడదీస్తూ కొలిచాను. లైట్లు 50కి పైన, వంటగది సాకెట్లు 40, బోరు మోటారు 6, గీజర్ 0.3. గీజర్ తీగలు విప్పి మళ్ళీ పెడితే ఆ సర్క్యూట్ కూడా 60 చూపించింది, అంటే వైరింగులో తప్పు లేదు, ఎలిమెంట్ చెమ్మ పట్టింది. కొత్తది వేశాను.

ఎర్త్ టెస్టర్ (నేలలో రెండు మేకులు దిగ్గొట్టి పిట్ నిరోధం కొలిచే మీటరు) కూడా పెట్టి చూశాను. పిట్‌ను ఇంటి నుంచి విడదీయడానికి ముందు మెయిన్ ఆపాను. కరెంటు మేకు 30 మీటర్ల దూరంలో, మధ్య మేకు 15 మీటర్ల దగ్గర పెడితే 2.1 ఓమ్‌లు వచ్చింది. మధ్య మేకును 12కు జరిపితే 2.0, 18కి జరిపితే 2.2. మూడూ దగ్గరగా ఉన్నాయి కాబట్టి సగటు రాసుకున్నాను. తేడా ఎక్కువగా వస్తే ఏం చేయాలి?

షీట్‌రాక్ సిద్దిపేట
మీ గోదావరి మట్టికి 2 ఓమ్‌లు వచ్చాయంటే నాకు అసూయగా ఉంది. తేడా ఎక్కువగా వస్తే కరెంటు మేకు పిట్‌కు మరీ దగ్గరగా ఉందని అర్థం. దాన్ని 40, 50 మీటర్లకు జరిపి, మధ్య మేకును ఆ కొత్త దూరంలో సగానికి మార్చి మళ్ళీ మూడు రీడింగులు తీసుకోండి. ఇంకొక మాట, ఈ కొలతను మే నెలలో మళ్ళీ తీసుకోండి. వానాకాలం విలువ మీ రికార్డుకు పనికిరాదు.

రాజోలు వైర్‌మన్
అలాగేనండి. మరొక సందేహం మిగిలింది. ఏరేటర్లకు వెళ్ళే 200 మీటర్ల కేబుల్‌కు మెగ్గర్ పెట్టి, లీడ్లు తీసేశాక కొసను ముట్టుకుంటే చేయి జిల్లుమంది. సప్లై పూర్తిగా విప్పేసే ఉంది.

పాత మెగ్గర్
అది మీరు మెగ్గర్‌తో నింపిన ఛార్జీయే. పొడవాటి కేబుల్ కెపాసిటర్‌లా పనిచేస్తుంది. తిప్పడం ఆపాక లీడ్లు వెంటనే తీయకుండా కాసేపు అలాగే ఉంచండి, ఆ తర్వాత కోర్‌ను ఒక వైరుతో ఎర్త్‌కు తాకించి అప్పుడు మాత్రమే చేయి పెట్టండి. డిజిటల్ మెగ్గర్లు చాలావరకు టెస్ట్ ఆపగానే తామే డిశ్చార్జ్ చేస్తాయి. మీరు అద్దెకు తెచ్చిన చేతి మెగ్గర్ మాత్రం ఆ పని మీకే వదిలేస్తుంది.