బండకు 1.2 మీటర్ల దూరంలో రిటైనింగ్ వాల్: మట్టి ఒత్తిడి ఎంత తగ్గించొచ్చు?

పునాదిగీత:
6 మీటర్ల ఎత్తు ఆర్‌సీసీ కాంటిలివర్ గోడ (అడుగున మాత్రమే పట్టు ఉండి మట్టిని ఆపేది). వెనక దాదాపు నిలువుగా కోసిన బండ. గోడ వెనక ముఖానికీ బండకూ మధ్య సందు 1.2 మీ. నింపేది గ్రాన్యులర్ మెటీరియల్: ఫై (మట్టి లోపలి రాపిడి కోణం) 34 డిగ్రీలు, యూనిట్ వెయిట్ ఘనపు మీటరుకు 18 కిలోన్యూటన్లు. సర్‌ఛార్జ్ (మట్టి పైన అదనపు బరువు) లేదు. రాంకిన్ వెడ్జ్ (మామూలు లెక్కలో గోడ మీదకు జారే మట్టి ముక్క) పూర్తిగా ఏర్పడాలంటే పైన 3.2 మీ. వెడల్పు కావాలి, ఇక్కడ అంత చోటే లేదు. అయినా పూర్తి యాక్టివ్ ప్రెజర్‌కి (గోడ కాస్త ముందుకు జరిగితే మట్టి పెట్టే ఒత్తిడికి) డిజైన్ చేయడం దండగ కాదా?

గోడలెక్క:
తగ్గుతుంది, కానీ మీరు ఆశించే చోట కాదు. సన్నటి సందులో మట్టి బరువు కొంత గోడకూ బండకూ రాపిడితో వేలాడుతుంది, గాదెలో ధాన్యంలా. దీనికి 1895 నాటి జాన్సెన్ సూత్రం సరిపోతుంది:

లోతు జెడ్ దగ్గర పక్క ఒత్తిడి = (గామా × బి ÷ 2 టాన్ డెల్టా) × [1 − ఈ^(−2 × కే × జెడ్ × టాన్ డెల్టా ÷ బి)]

బి అంటే సందు వెడల్పు, గామా మట్టి యూనిట్ వెయిట్, డెల్టా మట్టికీ ఆ ముఖానికీ మధ్య రాపిడి కోణం, కే అంటే నిలువు ఒత్తిడిలో పక్కకు మళ్లే వంతు. రెండు ముఖాల మీదా డెల్టా 22 డిగ్రీలు అనుకుందాం. ఇంత ఇరుకులో మట్టి పూర్తి యాక్టివ్ స్థితికి వస్తుందన్న భరోసా లేదు కాబట్టి కే విలువ 0.44 (కే-నాట్, అంటే గోడ కదలనప్పటి విలువ) తీసుకుంటే, అడుగున 22 కిలోపాస్కల్స్ వస్తుంది. రాంకిన్‌లో అది 30.5. మొత్తం తోపుడు మీటరుకు 85 కిలోన్యూటన్లు, రాంకిన్‌లో 92.

ఇక్కడే చాలామంది సంతోషించి ఆగిపోతారు. మొమెంట్ (గోడను వంచే ప్రభావం) చూడండి. ఒత్తిడి పటం త్రికోణంలా ఉండదు, పైభాగంలో ఉబ్బుతుంది. ఫలిత బలం 2.0 మీటర్ల దగ్గర కాకుండా 2.26 మీటర్ల ఎత్తులో పనిచేస్తుంది. అడుగున మొమెంట్ 193 కిలోన్యూటన్ మీటర్లు. రాంకిన్‌తో 183 మాత్రమే. అంటే స్టెమ్ (నిలువు గోడ భాగం) స్టీలు తగ్గించే వీలే లేదు.

ఇంకో చిక్కు: హీల్ (గోడ వెనక వైపు సాగిన పునాది పలక) మీద మట్టి బరువు. మీటరు పొడవుకు సందులో మట్టి 130 కిలోన్యూటన్లు. అందులో 34 బండ మోస్తుంది, ఇంకో 34 గోడ వెనక ముఖం మీద పడుతుంది, హీల్ మీదకు నిజంగా వచ్చేది 60 చిల్లర. తోపుడేమో జాన్సెన్‌తో తగ్గించి, నిలబెట్టే బరువేమో పూర్తి 130 తీసుకోవడం రెండు నాలుకల లెక్క. ఒకే నమూనా రెండింటికీ వాడండి.

రాతిపని:
పై లెక్కంతా పొడి మట్టికి. సందు నిండా నీరు నిలిస్తే నీటి తోపుడే మీటరుకు 177 కిలోన్యూటన్లు, మొమెంట్ 353. నీటికి రాపిడి లేదు, ఆర్చింగ్ (మట్టి ఇరుపక్కలా రాపిడితో వేలాడటం) దాన్ని రవ్వంత కూడా తగ్గించదు. బండ పగుళ్లలోంచి ఊట ఎక్కడ వస్తోందో వానల తర్వాత చూసి గుర్తు పెట్టండి. ఆ పగుళ్ల మీద డ్రెయిన్ స్ట్రిప్ నిలువుగా దించి అడుగున 150 మి.మీ. చిల్లుల పైపుకు కలపండి. వీప్ హోల్స్ (గోడలో నీరు బయటికి కారే చిల్లులు) ఒక్కటే నమ్ముకోవద్దు.

జాన్సెన్ వాడాలంటే బండ తనంతట తాను నిలబడాలి. పగుళ్ల తలాలు గోడ వైపు వాలి, కోసిన ముఖం మీద బయటపడి ఉంటే జారే బ్లాకు బరువు మట్టి గుండా గోడ మీదకు వస్తుంది. అది వేరే లెక్క, ముందు రాక్ బోల్టులతో బండను కట్టాలి.

బండ నిలువుగా కాక 55, 60 డిగ్రీల వాలులో ఉంటే ట్రయల్ వెడ్జ్ (వేర్వేరు జారుడు తలాలు అనుకుని గరిష్ఠ తోపుడు వెతికే లెక్క) చేయండి. నున్నటి బండ మీద తడి బంకమన్ను పొర ఉంటే అక్కడి రాపిడి కోణం ఫై కన్నా బాగా తక్కువ. అప్పుడు మట్టి బండ వెంబడే జారుతుంది, తోపుడు రాంకిన్‌ను మించుతుంది.

పునాదిగీత:
హీల్‌కు 1.2 మీటర్లకు మించి చోటు లేదు, స్లైడింగ్‌కు (ముందుకు జారకుండా) గోడ నిలవట్లేదు. గోడ పైభాగాన్ని రాడ్లతో బండకు కట్టేస్తే?

గోడలెక్క:
పైన కట్టారంటే అది కాంటిలివర్ కాదు. గోడ కదలదు, మట్టి ఒత్తిడి కే-నాట్‌కు తీసుకోవాలి, ముందు ముఖంలోనూ స్టీలు కావాలి. పైగా మట్టి మధ్య నుంచి పోయే రాడ్డు మీద మట్టి కుంగి వేలాడుతుంది, గోడ దగ్గర రాడ్డు వంగుతుంది. కట్టక తప్పకపోతే రాడ్డును పెద్ద సైజు స్లీవ్‌లో పంపండి, తుప్పు రక్షణ రెండు పొరలుగా ఇవ్వండి. పునాది కింద గట్టి రాయే ఉంటే బేస్ స్లాబ్‌ను డోవెల్స్‌తో (ఇనుప కడ్డీలతో) రాయికి గుచ్చడం, లేదా టోను (పునాది ముందు భాగాన్ని) ముందుకు పెంచి కీ (పునాది కింద దించే కాంక్రీట్ పళ్లు) దించడం తేలిక.

రాతిపని:
అసలు మట్టి నింపాలా అని కూడా ఆలోచించండి. 1.2 మీ. సందులో రోలర్ దిగదు. ప్లేట్ కంపాక్టర్‌తో 150 మి.మీ. పొరలుగా చేసినా బండ ఎగుడుదిగుడుల వెనక వదులు మిగిలి, తర్వాత కుంగుతుంది. 20 మి.మీ. కంకర అయితే తక్కువ కుదింపుతో సర్దుకుంటుంది. ఇంకా సందు తగ్గితే లీన్ కాంక్రీట్: ఇక్కడైతే మీటరు పొడవుకు 7.2 ఘనపు మీటర్లు. తడిగా ఉన్నంతసేపూ మీటరు ఎత్తుకు 24 కిలోపాస్కల్స్ ఒత్తిడి పెడుతుంది, అందుకే 600 మి.మీ. మించకుండా పోసి, గట్టిపడ్డాకే మరో పొర. డ్రెయిన్ స్ట్రిప్స్ పోతకు ముందే బండకు బిగించాలి, సిమెంటు పాలు లోపలికి దిగకుండా అంచులు టేపు వేయాలి.