చీకటి ఇళ్లలో ఫోటోలకు చిన్న ప్రీమియం కెమెరా: 24-70 కొనాలా, 24-200 కొనాలా?

ప్రశ్న, పర్లాకిమిడి నుంచి:
అందరికీ నమస్కారం. నేను ఇక్కడ టీచర్‌ని. మా ఊళ్లో కొమ్ము బొమ్మలు చేసే ఇళ్లు, కొండ మీది సవర ఊళ్లలో గోడల మీద గీసే ఇడితాల్ బొమ్మలు ఫోటోలు తీసి పెట్టాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. ఇప్పటిదాకా ఫోన్‌తోనే తీశాను. స్క్రీన్ మీద బాగానే ఉంటాయి, కానీ పెద్ద ప్రింటు వేయిస్తే ఎర్రమట్టి గోడ ప్లాస్టిక్ షీటులా నున్నగా వస్తోంది, బియ్యప్పిండి గీత అంచులు కరిగిపోయినట్టు ఉంటున్నాయి. పెద్ద కెమెరా తీసుకెళ్తే ఇంట్లోవాళ్లు పని ఆపేసి సర్దుకుని కూర్చుంటారు, అందుకే అది వద్దు. వైజాగ్‌లో రెండు సెకండ్ హ్యాండ్‌వి దొరుకుతున్నాయి, సోనీ ఆర్ఎక్స్100 మార్క్ 5ఎ ఒకటి, మార్క్ 7 ఇంకొకటి. 7 ధర బాగా ఎక్కువ. జూమ్ ఎక్కువ కాబట్టి అదే మంచిదా?

జవాబు, బరంపురం నుంచి:
అక్కా, మీ పనికి 5ఎ తీసుకోండి. ఎందుకో చెప్తాను. రెండింట్లోనూ సెన్సర్ (వెలుగుని ఫోటోగా మార్చే చిప్) ఒకటే సైజు, ఒక అంగుళం అంటారు కానీ నిజానికి 13.2 మి.మీ. వెడల్పు, 8.8 ఎత్తు, మామూలు చిన్న కెమెరాల సెన్సర్‌కి నాలుగింతలు. తేడా అంతా లెన్స్‌లో ఉంది. 5ఎ లెన్స్ 24-70 (మి.మీ. లెక్క, మొదటి అంకె జూమ్ లేకుండా, రెండోది పూర్తి జూమ్‌లో), ఎపర్చర్, అంటే వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్1.8 నుంచి 2.8, ఈ అంకె ఎంత తగ్గితే వెలుగు అంత ఎక్కువ. 7 లెన్స్ 24-200, ఎఫ్2.8 నుంచి 4.5. అంటే జూమ్ వేయకుండా మొదటి అడుగులోనే 5ఎకి దాదాపు రెండున్నర రెట్లు వెలుగు ఎక్కువ వస్తుంది. ఒకే గదిలో 5ఎతో ఐఎస్ఓ (చీకట్లో ఫోటో వెలుగు ఎంత పెంచాలో చెప్పే అంకె) 1600లో వచ్చే ఫోటోకి 7తో 4000 దాకా పెంచాలి. ఇంత చిన్న సెన్సర్ మీద 1600 దాకా హాయిగా ఉంటుంది, 3200 దాటితే మట్టి గోడలో గరుకేదో, నాయిస్ (చీకటి ఫోటోల్లో వచ్చే రవ్వల్లాంటి చుక్కలు) ఏదో తెలియదు. మీ బాధే అది కదా.

ఫోన్ నున్నగా చేయడానికి కారణం కూడా ఇదే, చీకట్లో చాలా ఫోటోలు కలిపి నాయిస్ తుడిచేస్తుంది, దాంతో పాటు గోడ గరుకూ పోతుంది. ఈ కెమెరాలో రా ఫైలు (కెమెరా ఏమీ దిద్దకుండా ఇచ్చే ఫోటో ఫైలు) తీసుకుంటే ఎంత తుడవాలో మీ చేతిలో ఉంటుంది.

ఇక దీని లోపాలు కూడా చెప్పాలి, ఎందుకంటే నేను దెబ్బ తిన్నాను. ఈ లెన్స్ లోపలికి ముడుచుకునే గొట్టం, ఆన్ చేసినప్పుడు బయటికి వస్తూ గాలిని లోపలికి లాగుతుంది, గాలితో పాటు దుమ్ము. ఈ రెండు మోడళ్లకూ దుమ్ము, తడి లోపలికి పోకుండా సీలింగ్ లేదు. నా దగ్గరున్నది వేరే కంపెనీది, అదీ ఇలాంటిదే. గోపాలపూర్ బీచ్‌లో సాయంత్రం గాలికి ప్యాంటు జేబులో పెట్టుకుని తిరిగాను. ఇంటికొచ్చి ఆన్ చేస్తే కరకరమని చప్పుడు, గొట్టం సగం వచ్చి ఆగిపోయింది, రానూ రాదు పోనూ పోదు. మరమ్మతుకి పంపితే నెల పట్టింది, కొత్త ధరలో మూడో వంతు పోయింది. అప్పటి నుంచి చిన్న జిప్ సంచిలో పెట్టి, దాన్ని బ్యాగులో పెడతాను, జేబులో మాత్రం పెట్టను. పేరుకి జేబు కెమెరా అయినా సరే.

బ్యాటరీ కూడా చిన్నది. 5ఎకి కంపెనీ లెక్క 220 ఫోటోలు, స్క్రీన్ ఊరికే వెలిగించి చూసుకుంటూ ఉంటే అంతకూడా రాదు. కొండ ఊళ్లకి వెళ్తే మూడు బ్యాటరీలు ఉండాల్సిందే. 4కే వీడియో 5ఎలో ఒకేసారి 5 నిమిషాలే, కొమ్ము పని మొత్తం వీడియో తీయాలనుకుంటే ముందే తెలుసుకోండి.

జవాబు, రాయగడ నుంచి:
బరంపురం తమ్ముడు చెప్పినది చాలావరకు నిజం, ఒక్క మాట కలుపుతాను. గోడ కదలదు కదా అమ్మా. చిన్న ట్రైపాడ్ మీద పెట్టి, రెండు సెకన్ల టైమర్ వేసి, ఐఎస్ఓ 125కి దించి తీస్తే ఎఫ్2.8 అయినా 1.8 అయినా గోడ బొమ్మ ఒకే లాగా వస్తుంది. కాబట్టి గోడ కోసం 5ఎ కొనక్కర్లేదు. కదిలేవి మనుషుల చేతులు. కొమ్ముని ఆకురాయితో రాసేటప్పుడు ఆ చేతికి షట్టర్ వేగం కనీసం 1/125 సెకను కావాలి, అక్కడ ట్రైపాడ్ ఏమీ చేయలేదు, అక్కడే 1.8 పనికొస్తుంది. ఆ లెక్కన చూసినా మీకు 5ఎయే.

దగ్గర ఫోటోల సంగతి కూడా చూసుకోండి. 5ఎ పూర్తి జూమ్‌లో 30 సెం.మీ. దాకా దగ్గరికి పోతుంది, 7 పూర్తి జూమ్‌లో ఒక మీటరు. రెండింటికీ ఫ్రేములో పట్టేది ఇంచుమించు ఒకటే, జానెడు లోపు వెడల్పు, అంటే ఒక కొమ్ము కొంగ నిండుగా వస్తుంది. తేడా ఏంటంటే 7తో మీటరు దూరంలో కూర్చుని తీయవచ్చు, మీ నీడ బొమ్మ మీద పడదు, పనిచేసే ఆయనకి అడ్డం రారు. 5ఎతో మోచేతికి దగ్గరగా వంగాలి. 24 దగ్గర పెట్టి 5 సెం.మీ.కి వెళ్తే ముక్కు పెద్దదై తోక చిన్నదైపోతుంది, అలా మాత్రం తీయకండి.

సంతలో దూరం నుంచి ముఖాలు తీయాలంటే 200 హాయి, కానీ మీరు ఇళ్లలోకి వెళ్తున్నారు, అడిగి కూర్చుని తీసే పని. ఇడితాల్ వాళ్లకి పూజ, అలంకారం కాదు, ఇంటి పెద్దని అడిగాకే తీయండి. ఫ్లాష్ వద్దు, ఎదురుగా కొడితే గరుకంతా చదునైపోతుంది. తలుపు పక్క నుంచి వచ్చే వెలుగే ఆ గోడకి అందం.

ఒకటి మరిచాను. రికో జీఆర్ 3 పేరు కూడా ఎవరో ఒకరు చెప్తారు. సెన్సర్ పెద్దది, 257 గ్రాములే, నాకు చాలా ఇష్టం. కానీ జూమ్ లేదు, 28 దగ్గరే ఉంటుంది, ఎఫ్2.8, వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) లేదు. కొమ్ము బొమ్మలకి మీరు ఇబ్బంది పడతారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. వైజాగ్ వెళ్తున్నాను. సెకండ్ హ్యాండ్‌లో ఏం చూడాలి?

జవాబు, బరంపురం నుంచి:
ముందు పదిసార్లు ఆన్, ఆఫ్ చేయండి, చెవి దగ్గర పెట్టుకుని. చప్పుడు ప్రతిసారీ ఒకేలా ఉండాలి. తర్వాత ఎఫ్11లో పెట్టి తెల్ల గోడని ఫోటో తీయండి, ఒకటి జూమ్ లేకుండా, ఒకటి పూర్తి జూమ్‌లో. పెద్దది చేసి చూస్తే మసక చుక్కలు కనబడితే సెన్సర్ మీద దుమ్ము ఉన్నట్టే, ఈ కెమెరాలో లెన్స్ ఊడదు కాబట్టి మనం తుడుచుకోలేం, విప్పాల్సిందే. మూడోది, న్యూస్ పేపర్ గోడకి అంటించి ఎదురుగా నిలబడి 1.8లో తీయండి. నాలుగు మూలల్లో అక్షరాలు సమానంగా ఉండాలి, ఒక మూల మాత్రమే మసకైతే ఎప్పుడో కింద పడి లెన్స్ వంకర పోయిందనుకోండి, వదిలేయండి. లెన్స్‌లోకి టార్చి వేసి బూజు దారాలు ఉన్నాయేమో చూడండి, మన వైపు వానలకి పట్టేస్తుంది. కొన్నాక బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్ వేసి దాచుకోండి.

ప్రశ్న అడిగినవారు, పది రోజుల తర్వాత:
5ఎ తీసుకున్నాను. పేపర్ పరీక్షలో బాగుంది. నిన్న మొదటి ఇంట్లో గోడ తీశాను, గీతలో బియ్యప్పిండి ఆరిపోయి పగిలిన పగుళ్లు కూడా కనిపిస్తున్నాయి, ప్రింటు చూసి ఆ ఇంటి ముసలమ్మ వేలితో తడిమింది. కానీ రెండు సమస్యలు. ఎరుపు రంగు నారింజలా వస్తోంది. ఎల్ఈడీ బల్బు కింద తీసిన కొన్నింటిలో అడ్డంగా నల్ల చారలు.

జవాబు, రాయగడ నుంచి:
చారలు బల్బు మినుకు వల్ల. మన కరెంటు 50 హెర్ట్జ్, బల్బు సెకనుకి 100 సార్లు మినుకుతుంది. షట్టర్ 1/100 గానీ 1/50 గానీ పెట్టండి, ఎలక్ట్రానిక్ షట్టర్ తీసేసి మెకానికల్‌లో ఉంచండి. ఎరుపుకి, గోడ పక్కన తెల్ల కాగితం పెట్టి దాని మీద కస్టమ్ వైట్ బ్యాలెన్స్ తీసుకోండి (ఏది తెలుపో కెమెరాకి మనమే చూపించడం), ఆటోలో పెడితే ఎర్ర గోడ నిండా ఉన్నప్పుడు కెమెరా తికమక పడుతుంది. బల్బు వెలుగూ పగటి వెలుగూ కలిస్తే ఏం చేసినా కుదరదు. వాళ్లని అడిగి బల్బు ఆర్పించి, తలుపు బార్లా తెరిచి తీయండి.